చల్లగా ఉంటే చాలదు, గాలి మారాలి

మనిషి రోజుకు ఎంత తింటాడని అడిగితే అందరం చెప్పగలం. ఎంత గాలి పీలుస్తాడని అడిగితే మాలో ఎవరమూ చెప్పలేకపోయాం. లెక్క వేసి చూస్తే రోజుకు పదివేల లీటర్లకు పైనే అని తేలింది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. అంటే రోజంతా మనం తినేది ఒకటి రెండు కిలోలైతే, పీల్చేది 12 కిలోలు! అన్నంలో చిన్న రాయి పంటికి తగిలితే మెస్‌లో గొడవ చేసే మనం, ఈ 12 కిలోల సరుకు ఎలా ఉందో ఒక్కనాడూ చూసుకోలేదు. మమ్మల్ని ఆ ఆలోచనలో పడేసింది గత వేసవి సెలవులు.

సెల్లార్‌లో నలభై రోజులు

మన హాస్టల్ నుంచి ఏటా వేసవిలో కొందరం పట్నం వెళ్లి పని చేసుకుంటాం. పుస్తకాలకు, బస్సు చార్జీలకు ఆ డబ్బు అక్కరకు వస్తుంది. గత వేసవిలో మేము నలుగురం ఒక బట్టల షాపులో చేరాం. పెళ్లిళ్ల సీజను. మాకు చూపిన చోటు సెల్లార్. కిటికీ లేదు. రావడానికీ పోవడానికీ మెట్లు ఒక్కటే దారి. గోడలకు ఏసీలు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల చల్లదనం. మొదటి రోజు మాది అదృష్టమే అనుకున్నాం.

మూడో రోజుకు సంగతి తెలిసింది. మధ్యాహ్నం మూడు దాటేసరికి తల బరువెక్కేది. కళ్లు మండేవి. ఒకరి తర్వాత ఒకరం ఆవులించేవాళ్లం. కొత్త బట్టల వాసన, ప్లైవుడ్ అరల వాసన, రూమ్ ఫ్రెష్‌నర్ వాసన కలిసి గొంతులో గరగర. రాత్రి మెట్లెక్కి రోడ్డు మీదికి రాగానే, ఆ ఉక్కపోతలో కూడా ప్రాణం తేలికపడేది. ఒకరోజు మాలో ఒకడు చీర మడతపెడుతూ కునికాడు. మేనేజరు చూసి, "ఏసీలో కూర్చోబెట్టి జీతమిస్తుంటే నిద్రపోతావా?" అని సగం రోజు జీతం కోశాడు. మేము కూడా వాడిదే తప్పనుకున్నాం.

కాలేజీ తెరిచాక మాటల మధ్యలో ఈ విషయం ఫిజిక్స్ సారుతో అన్నాం. ఆయన ఒకటే ప్రశ్న అడిగారు. "మీ సెల్లార్‌లోకి కొత్త గాలి ఎక్కడి నుంచి వస్తుందిరా?" మేము ఏసీ నుంచి అన్నాం. సారు నవ్వి, "ఏసీ గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది" అన్నారు. ఆ మాట పట్టుకుని మేము చదివి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

ఏసీ చేసే పని ఏమిటి?

షాపుల్లో గోడకు బిగించే స్ప్లిట్ ఏసీకి రెండు పెట్టెలుంటాయి. లోపలి పెట్టె గదిలోని గాలినే లాగి, చల్లని గొట్టాల మీదుగా పంపి, తిరిగి గదిలోకే వదులుతుంది. బయటి పెట్టె వేడిని బయటికి విడుస్తుంది. రెండింటి మధ్య గోడలోంచి వెళ్లేవి చల్లబరిచే వాయువు తిరిగే రాగి గొట్టాలే. వాటిలోంచి మనం పీల్చే గాలి రాదు. కాబట్టి తలుపులన్నీ మూసి ఏసీ వేస్తే, ఒకరు వదిలిన ఊపిరినే ఇంకొకరు చల్లగా పీలుస్తున్నట్లు లెక్క.

పెద్ద మాల్స్‌లో, ఆఫీసుల్లో ఉండే సెంట్రల్ ఏసీ వేరు. అందులో బయటి గాలిని కొంత కలిపే దారి ఉంటుంది. అయితే ఆ దారికి ఒక మూత కూడా ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఆ మూత బిగిస్తే అదీ స్ప్లిట్ ఏసీ లాంటిదే అవుతుంది.

తగ్గేది ఆక్సిజనేనా?

ఇలాంటి గదిలో కూర్చుంటే "ఆక్సిజన్ అందడం లేదు" అంటాం. మేమూ అలాగే అనుకున్నాం. అది నిజం కాదు. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. జనంతో కిక్కిరిసిన గదిలో కూడా అది తగ్గేది శాతంలో రెండు మూడు పదో వంతులే. ఆ తగ్గుదల మన శరీరానికి తెలియను కూడా తెలియదు.

పెరిగేది కార్బన్ డై ఆక్సైడ్. బయటి గాలిలో అది పదిలక్షల భాగాల్లో 420కి కాస్త పైన ఉంటుంది. దీన్నే 420 పీపీఎం అంటారు. మనం వదిలే ఊపిరిలో మాత్రం దాదాపు 40,000 పీపీఎం ఉంటుంది. అందుకే గదిలో ఊపిరి ఎంత పేరుకుపోయిందో చెప్పడానికి ఇది మంచి కొలబద్ద. ఈ కొలతను 1858లోనే జర్మనీలోని మ్యూనిక్ నగరానికి చెందిన మాక్స్ వాన్ పెట్టెన్‌కోఫర్ ప్రతిపాదించాడు. గదిలో వెయ్యి భాగాల గాలికి ఒక భాగం కన్నా, అంటే 1,000 పీపీఎం కన్నా, కార్బన్ డై ఆక్సైడ్ పెరగకూడదని ఆయన చెప్పాడు. ఆ అంకెను నేటికీ వాడుతున్నారు.

2,500 పీపీఎం దగ్గర మనుషుల నిర్ణయశక్తి బాగా తగ్గిందని 2012లో అమెరికాలో 22 మందిపై జరిగిన పరిశోధన తెలిపింది. తర్వాతి పరిశోధనలన్నింటిలో అదే ఫలితం రాలేదు. కానీ ఈ వాయువు పెరిగిందంటే దాంతోపాటు ఒంటి వాసనలు, రసాయనాలు, రోగక్రిములు కూడా బయటికి పోకుండా పేరుకుంటున్నాయని అర్థం. జ్వరాన్ని థర్మామీటరు చెప్పినట్లు, గాలి మారని సంగతిని ఇది చెబుతుంది.

ఒక చిన్న లెక్క

మన హాస్టల్ మిత్రులు కూడా కాగితం తీసుకుని ఈ లెక్క వేసి చూడవచ్చు. కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాడు. నిలబడి పనిచేస్తే ఇంకా ఎక్కువ.

షాపు గది పొడవు 12 మీటర్లు, వెడల్పు 10, ఎత్తు 3 అనుకుందాం. అందులో పట్టే గాలి 360 ఘనపు మీటర్లు. సేల్స్‌వాళ్లు, కొనేవాళ్లు కలిసి 40 మంది ఉన్నారు. గంటకు వాళ్లు వదిలేది 40 × 18 = 720 లీటర్లు, అంటే 0.72 ఘనపు మీటర్లు. దాన్ని 360తో భాగిస్తే 0.002 వస్తుంది. అంటే 2,000 పీపీఎం. గాలి ఎటూ పోకపోతే గంట తిరిగేసరికి 420 కాస్తా 2,420 అవుతుంది! తలుపు సందుల్లోంచి కొంత గాలి మారుతుంది కాబట్టి నిజంగా ఇంత వేగంగా పెరగకపోవచ్చు. కానీ మేము ఉన్నది గంట కాదు, రోజుకు పదకొండు గంటలు.

ఇక మందు సంగతి. ఒక్కో మనిషికి సెకనుకు కనీసం 10 లీటర్ల బయటి గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అలా అందిస్తే గదిలో కార్బన్ డై ఆక్సైడ్ బయటికన్నా 500 పీపీఎం మాత్రమే ఎక్కువ ఉంటుంది. అంటే దాదాపు 920. పెట్టెన్‌కోఫర్ చెప్పిన హద్దు లోపలే! 40 మందికి ఇది గంటకు 1,440 ఘనపు మీటర్ల గాలి. మన షాపు గదిలోని గాలంతా గంటకు నాలుగుసార్లు మారినట్లు.

మూసుకుని నష్టపోయినవారు

1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికాలో కరెంటు, నూనె పొదుపు కోసం భవనాలను బిగుతుగా మూసి కట్టారు. 1981 నాటి వారి ప్రమాణంలో, పొగతాగని ఆఫీసుల్లో మనిషికి సెకనుకు రెండున్నర లీటర్ల బయటి గాలి చాలన్నారు. ఆ కాలంలో కొత్త ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు తలనొప్పి, కళ్లమంట, నీరసం ఎక్కువయ్యాయి. ఇంటికి వెళ్తే తగ్గేవి. డాక్టర్లకు జబ్బేమిటో అంతుబట్టలేదు. చివరికి జబ్బు మనిషిది కాదు, భవనానిది అని తేలింది. దానికి "సిక్ బిల్డింగ్ సిండ్రోమ్" అని పేరు వచ్చింది. 1989లో ఆఫీసులకు ఆ కొలతను మళ్లీ దాదాపు 10 లీటర్లకు పెంచారు.

ఇటీవలి ఉదాహరణ చైనాలోని గ్వాంగ్జౌ నగరంలోని ఒక హోటల్. 2020 జనవరి 24న అక్కడ పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి కరోనా సోకింది. ఆ హాలుకు కిటికీలు లేవు. ఏసీ ఆ మూడు బల్లల మధ్యే గాలిని తిప్పింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేసి మూసి ఉన్నాయి. తర్వాత కొలిస్తే మనిషికి సెకనుకు ఒక లీటరు బయటి గాలి మాత్రమే అందిందని తేలింది. ఉండాల్సిన దానిలో పదో వంతు!

ఊపిరి ఒక్కటే కాదు

కమర్షియల్ భవనాల గాలిలో మరికొన్ని కీడులు ఉన్నాయి. ప్లైవుడ్ జిగురు నుంచి, కొన్నిరకాల కొత్త బట్టల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. కళ్లు, గొంతు మండేది దీనివల్ల కావచ్చు. కొత్త పెయింట్ల నుంచి, ఫినాయిల్ నుంచి, రూమ్ ఫ్రెష్‌నర్ల నుంచి ఆవిరయ్యే రసాయనాలు వస్తాయి. ఫ్రెష్‌నర్ గాలిని శుభ్రం చేయదు. ఒక వాసన మీద ఇంకో వాసన కప్పుతుంది. ఏసీ నీళ్లు కారే గోడల మీద బూజు పడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం సెల్లార్‌లో డీజిల్ జనరేటర్ నడపడం. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మత్తుగా ఉందని పడుకున్నవాడు మళ్లీ లేవకపోవచ్చు. జనరేటర్ నడుస్తున్న మూసిన చోట ఎవరికైనా తల తిరిగితే ముందు బయటికి తీసుకురావాలి. కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు.

ఏమి చేయాలి?

1. గాలికి రెండు దారులు ఉండాలి. పాత గాలి పోవడానికి ఒకటి, కొత్త గాలి రావడానికి ఒకటి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి తలుపులన్నీ బిగిస్తే ఫ్యాను తిరుగుతుంది గాని గాలి కదలదు.

2. ఆ రెండు దారులూ ఎదురెదురుగా ఉండాలి. పక్కపక్కన ఉంటే వచ్చిన గాలి వచ్చినట్లే పోతుంది.

3. కొత్త గాలి తీసుకునే చోటు జనరేటర్ పొగకు, పార్కింగ్‌కు, మరుగుదొడ్లకు దూరంగా, ఎత్తులో ఉండాలి. రోడ్డు దుమ్ము ఎక్కువైతే ఫిల్టర్ పెట్టాలి.

4. ఎగ్జాస్ట్ ఫ్యాను గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోడుతుందో అడిగి, మనుషుల సంఖ్యకు సరిపడేది కొనాలి.

5. ఏసీ ఫిల్టర్‌ను తరచుగా కడగాలి. నీళ్లు నిలవకుండా చూడాలి.

6. పెయింటు, చెక్కపని అయ్యాక కొన్ని రోజులు గాలి బాగా ఆడనిచ్చి తర్వాతే జనాన్ని కూర్చోబెట్టాలి.

7. గాలి శుభ్రం చేసే యంత్రాలు దుమ్మును ఆపుతాయి, కార్బన్ డై ఆక్సైడ్‌ను ఆపలేవు. కుండీల్లో మొక్కలు కంటికి ఇంపే గాని, కిటికీ చేసే పని చేయాలంటే చదరపు మీటరుకు పది మొదలు వెయ్యి మొక్కలు కావాలని 2019లో వెలువడిన ఒక సమీక్ష లెక్కగట్టింది.

పరీక్షించడానికి యంత్రం కూడా అక్కర్లేదు. ఒక అగరుబత్తి వెలిగించి తలుపు సందు దగ్గర, ఫ్యాను దగ్గర పట్టుకోవాలి. పొగ ఎటు వంగుతుందో గాలి అటు పోతోంది. నిటారుగా లేచి గదిలోనే ముసురుకుంటే గాలి మారడం లేదని తెలుసుకోవాలి. మన స్టడీ హాల్లో ఇది చేసి చూశాం. దోమలు వస్తాయని అటువైపు కిటికీలు మూసినప్పుడు పొగ కదల్లేదు. వాటిని తెరవగానే ఇటువైపు కిటికీలోంచి గుప్పున వెళ్లింది. కాబట్టి మనకు కావలసింది మూసిన కిటికీలు కాదు, జాలీ కొట్టిన కిటికీలు.

బయటి గాలి తెస్తే దాన్ని చల్లబరచడానికి కరెంటు ఎక్కువ కాలదా అని కొందరు అడుగుతారు. కొంత కాలుతుంది. దానికీ ఉపాయాలున్నాయి. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన హైదరాబాద్‌లోని గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనానికి రెండు గాలి గోపురాలు కట్టారు. బయటి గాలి వాటిలో ముందే కొంత చల్లబడి ఏసీకి చేరుతుంది. మధ్యలో మన మండువా ఇళ్లలాగా ఆకాశం కనపడే ఖాళీ వదిలారు. పెద్ద భవనాల్లో బయటికి పోయే చల్లగాలితో లోపలికి వచ్చే వేడిగాలిని చల్లార్చే చక్రాలు కూడా వాడుతున్నారు.

మళ్లీ ఆ సెల్లార్‌కు

దసరా సెలవుల్లో మాలో ఇద్దరం మళ్లీ ఆ షాపుకే వెళ్లాం. ఈసారి కళ్లు తెరిచి చూశాం. వెనక గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది! దాని మూతికి అట్టపెట్టె ముక్క పెట్టి టేపు వేసి ఉంది. "చల్లదనం పోతోందని మూయించారు" అని పాత పనివాళ్లు చెప్పారు. గ్వాంగ్జౌ హోటల్ గుర్తుకొచ్చింది.

లెక్క వేసిన కాగితం మేనేజరుకు చూపాం. "కరెంటు బిల్లు మీరు కడతారా?" అన్నాడు. ఏమీ అనలేకపోయాం. నాలుగో రోజు రద్దీలో ఒక పెద్దావిడ కళ్లు తిరుగుతున్నాయని మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆమెను పైకి తీసుకుపోయి గాలి తగిలేలా కూర్చోబెడితే తేరుకుంది. ఆ సాయంత్రం ఆయనే అట్ట తీయించాడు. జనం ఉన్నంతసేపూ ఫ్యాను, మెట్ల తలుపు తెరిచి ఉంచమన్నాడు. మా తలనొప్పి పూర్తిగా పోయిందని చెప్పలేం గాని, బాగా తగ్గింది.

వేసవిలో కోసిన సగం రోజు జీతం తిరిగి రాలేదు. కానీ ఆనాడు కునికినవాడు సోమరి కాడేమో అని ఇప్పుడు మాకు తెలుసు. వాడికి ఆ మాట చెప్పాం కూడా.

మిత్రులారా! రేపు మనలో చాలామందిమి షాపుల్లో, మాల్స్‌లో, కాల్ సెంటర్లలో, బ్యాంకుల్లో పనికి చేరతాం. కొందరం అలాంటి భవనాలు కట్టే ఇంజనీర్లం కూడా అవుతాం. జీతం ఎంత, సెలవులు ఎన్ని అని అడిగినట్లే ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం. "ఈ గదిలోకి కొత్త గాలి ఎక్కడి నుంచి వస్తుంది?"