సరిహద్దు దగ్గర తొణకొద్దు

నల్లజర్ల సెంటర్లో నిలబడితే మూడు జిల్లాలు కూతవేటు దూరమే అనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక నల్లజర్ల తూర్పు గోదావరిలోకి వెళ్లింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. ద్వారకాతిరుమల ఏలూరు జిల్లాలో చేరింది. పొద్దున్నే చిన్నతిరుపతి అని పిలుచుకునే ఆ ద్వారకాతిరుమలలో దర్శనం చేసుకుని, నల్లజర్లలో టిఫిన్ తిని, గూడెం మార్కెట్లో ఉల్లిపాయలు కొనుక్కుని రావచ్చు. మూడు జిల్లాలు తిరిగొచ్చినా ‘ఎవరు నువ్వు, ఎక్కడికి?’ అని ఆపే నాథుడు ఉండడు.

అలా ఎవరైనా ఆపి అడగడం మనకు అలవాటు లేదు. అందుకే దేశం పొలిమేరలో యూనిఫాం మనిషి రెండు ప్రశ్నలు వేయగానే కొందరికి చెమటలు పడతాయి. కొందరికి కోపం ముంచుకొస్తుంది. ఇంకొందరు అడగనివన్నీ చెప్పేస్తారు. మూడింటివల్లా చేటే.

ఈ వైపు ఊళ్ల నుంచి సరిహద్దులు దాటేవాళ్లు తక్కువేం కాదు. కాశీ, గయ చూసుకుని నేపాల్ వెళ్లే యాత్రికులు, ఇంటి పనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లు, చదువులకు అమెరికా వెళ్లే పిల్లలు... వీళ్లను ఆపే అధికారులు వేరు, దేశాలు వేరు. కానీ ఎవరైనా చూసేది ఒక్కటే: మీ కాగితం, మీ మాట, మీరు వెళ్తున్న పని, ఈ మూడూ ఒకే సంగతి చెబుతున్నాయా? చెబితే అధికారికి మీతో పని అయిపోయినట్టే. ఈ ఒక్క ముక్క పట్టుకోండి. మిగతాదంతా సాధనే.

సంచి కన్నా ముందు కాగితం సర్దండి

భారత్, నేపాల్ 1950లో చేసుకున్న ఒప్పందం పుణ్యమా అని మనకు అక్కడ వీసా అక్కర్లేదు. 1,751 కిలోమీటర్ల ఆ సరిహద్దుకు మన వైపు కాపలా సశస్త్ర సీమా బల్‌ది. వీసా లేదు కదా అని జేబులో ఆధార్ పెట్టుకుని బస్సెక్కేస్తాం. అక్కడే చిక్కు. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవారికి ఆధార్‌ను ప్రయాణ పత్రంగా ఒప్పుకోరు. పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో ఉండాలి. 65 దాటిన పెద్దలకు, 15 లోపు పిల్లలకు మాత్రం ఆధార్ సరిపోయేలా 2019 జనవరిలో కేంద్ర హోంశాఖ వెసులుబాటు ఇచ్చింది.

ఇంకో చిక్కు పేరుతో. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన పద్ధతి. ఓటరు కార్డులో అది పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, టికెట్ మీద తిరగబడుతుంది. అధికారి పేరడిగితే మనం ఇంట్లో పిలిచే పేరు చెబుతాం. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంటే అనుమానపడటం అతని ఉద్యోగం. బయల్దేరడానికి నెల ముందే కార్డులన్నీ బల్ల మీద పరిచి పోల్చి చూడండి.

డబ్బు సంగతీ కనుక్కోండి. వంద రూపాయలకు మించిన మన నోట్లను 2018 డిసెంబరులో నేపాల్ నిషేధించింది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి. ‘పోయినసారి మావాళ్లు తీసుకెళ్లారు’ అన్న మాట సరిహద్దులోని సునౌలి చెక్‌పోస్టులో చెల్లదు. తాజా నిబంధన తెలుసుకుని వెళ్లండి. అన్నట్టు, నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందుంటుంది. తిరుగు విమానమో, బస్సో పట్టుకునే రోజున అది గుర్తుండాలి.

అడిగినదానికి, అడిగినంత

ఏ దేశమైనా ప్రశ్నలు దాదాపు అవే. ఎవరు? ఎక్కడికి? ఏం పని మీద? ఎప్పుడు తిరిగొస్తారు? ‘ఎక్కడికి?’ అంటే, ‘మా వియ్యంకుడిగారి తమ్ముడు కిందటేడు వెళ్లొచ్చారండీ, ఆయన చెప్పబట్టే...’ అని మొదలుపెట్టకండి. ‘ఖాట్మండు. పశుపతినాథ్ దర్శనం. ఐదు రోజులు.’ అంతే. ప్రశ్న అర్థం కాకపోతే తలూపేయకండి, మళ్లీ అడగమనండి. భాష రాకపోతే రాదని చెప్పడానికి సిగ్గెందుకు?

మరో మాట. అధికారి భార్యను అడిగితే భర్త, కొడుకును అడిగితే తండ్రి జవాబు చెప్పడం మన ఇళ్లలో మామూలు. కౌంటర్ దగ్గర అది పనికిరాదు. ఎవరిని అడిగితే వాళ్లే చెప్పాలి.

మాటకూ కాగితానికీ పొంతన కుదరకపోతే ఏమవుతుందో 2015 డిసెంబరులో చూశాం. అమెరికా చదువులకు వెళ్లిన మన విద్యార్థులు కొందరిని అక్కడ దిగీ దిగగానే వెనక్కి పంపేశారు. ఆ నెలలోనే శంషాబాద్‌లో 19 మందిని ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఎక్కనివ్వలేదు. వెనక్కి పంపడానికి అమెరికా చెప్పిన కారణాన్ని మన విదేశాంగ శాఖ బయటపెట్టింది: సరిహద్దు అధికారికి వాళ్లు చెప్పిన వివరాలు వీసాతో పొసగలేదట. ఆ పిల్లలందరిదీ తప్పేనని అనలేం. కానీ ఒకటి తెలుసుకోవాలి. వీసా ఉంటే గుమ్మం దాకా వెళ్లగలం, లోపలికి రానిచ్చేదీ లేనిదీ గుమ్మం దగ్గరి అధికారి తేలుస్తాడు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ ఉంటారు? కన్సల్టెన్సీవాళ్లు నింపిన ఫారం మీరు చదవకపోతే ఈ జవాబులు మీ నోటికి రావు.

అబద్ధం నేర్పినవాడు వెంట రాడు

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) కోవలో ఉంటుంది. ఇలాంటివాళ్లు కువైట్, సౌదీ వంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఇంటి పనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. నియామకం ప్రభుత్వ సంస్థ ద్వారానే జరగాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. ఈ దారిన వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంటుంది.

ఇదంతా ఆలస్యమని ఏజెంటు అడ్డదారి చూపిస్తాడు. చేతిలో విజిట్ వీసా పెట్టి, ‘అక్క దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్తున్నానని చెప్పు’ అని పాఠం నేర్పుతాడు. నేర్పినవాడు కౌంటర్ దాకా రాడు. పట్టుబడితే పాస్‌పోర్టు మీది, అవమానం మీది, వడ్డీకి తెచ్చి కట్టిన డబ్బు మీది. గట్టెక్కితే ఇంకా ప్రమాదం. రేపు అక్కడ జీతం ఎగ్గొడితే, మీరు పనికి వచ్చినట్టే ఏ కాగితంలోనూ ఉండదు. కాబట్టి ఒక గీటురాయి పెట్టుకోండి: అధికారి ముందు అబద్ధం చెప్పమన్నారంటే ఆ ప్రయాణం మానుకోవాల్సిందే.

ఎవరూ అడగని దారే భయంకరం

థాయిలాండ్‌లో మే సోత్, ఏటికి అవతల మయన్మార్‌లో మ్యావడీ. నడుమ పారేది మోయ్ నది. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి, చాటుమాటుగా ఆ ఏరు దాటించి, సైబర్ మోసాల అడ్డాల్లో పడేశారు ఎందరినో. 2025 మార్చి 10, 11 తేదీల్లో 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో మే సోత్ నుంచి వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ ఏటి ఒడ్డున వాళ్లను ఆపి ‘ఎక్కడికి బాబూ?’ అని అడిగే అధికారి లేకపోయాడు. ప్రశ్న వేసే మనిషిని చూసి భయపడతాం గానీ, చాలాసార్లు మనకు రక్ష ఆ ప్రశ్నే.

గీత ఎక్కడుందో తెలుసుకోండి

సముద్రం మీద గీత కనబడదు. గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది. ఏడాదికి పైగా జైల్లో మగ్గి, 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర స్వదేశంలో అడుగుపెట్టారు. నేల మీద ఆ సాకు కుదరదు. అమెరికాలో ఉంటూ నయాగరా చూడబోయే మన ఉద్యోగులు ఒక మలుపు తప్పితే రెయిన్‌బో వంతెన ఎక్కేస్తారు. ఎక్కితే అవతల కెనడా. హెచ్1బీ వాళ్లకు వీసా స్టాంపు గడువు తీరినా, కెనడాకు 30 రోజుల లోపు వెళ్లి తిరిగి వచ్చే వెసులుబాటు కొన్ని షరతులతో ఉంది. ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ పత్రం) చెల్లుబాటులో ఉండాలి, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేసుకోకూడదు. ఇవి వంతెన ఎక్కాక వెతుక్కునే విషయాలు కావు.

నమస్కారం చాలు, సాష్టాంగం వద్దు

మర్యాద వేరు, బతిమాలడం వేరు. కళ్లలోకి చూసి, మామూలు గొంతుతో చెప్పండి. పాస్‌పోర్టు మధ్యలో నోటు పెట్టకండి. బాంబులు, తుపాకుల మీద జోకులు వేయకండి. చెక్‌పోస్టును సెల్‌ఫోన్‌లో తీయకండి. ‘నేనెవరో తెలుసా?’ అన్న మాట అసలే వద్దు. అది తెలుసుకోవడానికేగా అతను అడుగుతున్నాడు!

పక్క గదిలోకి రమ్మంటే శిక్ష వేసినట్టు కాదు, ఇంకాస్త వివరంగా అడుగుతారంతే. దుబాసీ కావాలని అడగండి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. నిర్బంధిస్తే మన దౌత్య కార్యాలయానికి తెలియజేయమని కోరే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చింది. అధికారి దురుసుగా మాట్లాడితే అక్కడే కలియబడకండి. తేదీ, సమయం, కౌంటర్ నంబరు రాసి పెట్టుకుని, బయటికొచ్చాక రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కోపాన్ని వాయిదా వేయగలిగినవాడిదే పైచేయి.

ఇంట్లోనే ఒకసారి

తొలిసారి దేశం దాటుతున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, మనవడిని కుర్చీలో కూర్చోబెట్టి అధికారి వేషం వేయించండి. అమ్మమ్మ చేతిలో ఓటరు కార్డు పెట్టి నాలుగు ప్రశ్నలూ అడిగించండి. మొదటిసారి నవ్వొస్తుంది, రెండోసారి తడబాటు పోతుంది, మూడోసారి జవాబు పొట్టిగా, సూటిగా వస్తుంది. బ్యాంకు మేనేజరు ముందు, తహసీల్దారు ఆఫీసులో, ఉద్యోగం ఇంటర్వ్యూలో కావాల్సిన ధైర్యం కూడా ఇదే. టికెట్లు బుక్ చేసిన రోజే ఈ ఆట మొదలుపెట్టండి.