సిల్‌క్యారా: యంత్రం మొరాయించిన చోట మనుషులు

2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో సిల్‌క్యారా సొరంగం కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. ఇది చార్‌ధామ్ రహదారి ప్రాజెక్టులో భాగం. ఆరంగుళాల గొట్టంలోంచి సీసాల్లో వేడి కిచిడీ పంపారు. శిథిలాల్లోంచి దారి తొలిచే ఆగర్ యంత్రం బ్లేడ్లు విరిగి ఇరుక్కుపోతే, వాటిని కోయడానికి హైదరాబాద్ నుంచి ప్లాస్మా కట్టర్ తెప్పించారు. చివరి పది పన్నెండు మీటర్లు తవ్వింది మాత్రం ఎలుక బొరియల్లాంటి ఇరుకు దారులు చేత్తో తవ్వే ‘ర్యాట్ హోల్’ మైనర్లు. 800 మిల్లీమీటర్ల గొట్టంలోకి పాక్కుంటూ వెళ్లి, చేతి పనిముట్లతో మట్టి తోడిపోశారు. విచిత్రమేమిటంటే, ఈ పద్ధతిలో బొగ్గు తవ్వకాన్ని మేఘాలయలో జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014లోనే నిషేధించింది. నవంబరు 28న అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. సహాయక చర్యల్లో పాల్గొన్న జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడింది.