వీణ మెట్లు

విజయనగరం జిల్లాలో బొబ్బిలి ఉంది. దాని దగ్గరే గొల్లపల్లి. అక్కడ పనస దుంగను తొలిచి వీణలు చేస్తారు.

చెక్కడం కష్టమే. మెట్లు పెట్టడం ఇంకా కష్టం. దానికి చెయ్యి ఒక్కటే చాలదు, చెవి కూడా కావాలి.

వీణకు 24 మెట్లు. ఇవి లోహపు కడ్డీలు. వీటికి మేకులు కొట్టరు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాస్తారు. దాన్ని వీణ పొడవాటి దండి మీద రెండు గట్లుగా పెడతారు. మైనం మెత్తగా ఉండగానే మెట్టును అందులో నొక్కుతారు. తీగ మీటి వింటారు. స్వరం తగ్గిందా? మెట్టును కుండ వైపు జరపాలి. హెచ్చిందా? బిరడాల వైపు జరపాలి. ఒక్క మెట్టు ఎత్తుగా ఉన్నా తీగ తగిలి జరజరమంటుంది. దాన్ని ఇంకాస్త దించాలి.

వీణను ఎండలో పెడితే మైనం మెత్తబడుతుంది. మెట్లు కదులుతాయి. చూడ్డానికి వీణ బాగానే ఉంటుంది గానీ, అపస్వరం పలుకుతుంది. అప్పుడు పాత మైనం తీసేసి, 24 మెట్లూ మళ్లీ నిలపాలి.