పట్టికల నమూనాలకు పేర్లు పెట్టడం

ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌కు సివిల్స్ శిక్షణ కోసం మన వాళ్లు చాలామంది వెళ్తుంటారు. అక్కడ మీరు మరో ముగ్గురితో గది పంచుకుంటున్నారనుకోండి. అద్దె, కరెంటు, వంట ఖర్చులు ఎక్సెల్‌లో రాసే పని మీది. ఫైళ్లకు 'లెక్కలు', 'లెక్కలు కొత్తవి', 'లెక్కలు ఫైనల్' అని పేర్లు పెట్టారు. జూలై అద్దె ఎవరు బాకీ అని అడిగితే ఏది తెరుస్తారు? రెండింటిలో రెండు మొత్తాలు కనిపిస్తే స్నేహితుల మధ్య మాట పట్టింపు తప్పదు.

పేరులో విషయం, సంవత్సరం, నెల ఎప్పుడూ ఇదే వరుసలో రాయండి: 'గదిఖర్చు_2025_07'. మనకు తేదీని రోజుతో మొదలుపెట్టే అలవాటు ఉంది. కానీ కంప్యూటర్ పేర్లను ఎడమ నుంచి పోల్చి వరుస పెడుతుంది. అందువల్ల '01-08-2025' అనే ఫైలు '15-07-2025' కంటే ముందు వస్తుంది. ఆగస్టు జూలైని దాటిపోయిందన్నమాట! సంవత్సరం ముందుంటే ఈ చిక్కు లేదు. తేదీ మధ్య ఏటవాలు గీత వాడకండి, విండోస్ ఒప్పుకోదు.

డాస్ రోజుల్లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే దక్కేవి. 1995లో విండోస్ 95తో ఆ ఇరుకు పోయింది. అలాగని పేరును వాక్యంలా సాగదీయకండి.

నమూనా అంటే అంకెలు నింపని ఖాళీ పట్టిక. అసలు జాగ్రత్త దీనికే కావాలి. 'గదిఖర్చు_నమూనా' అని పేరు పెట్టి, ఎక్సెల్ టెంప్లేట్ రకంగా సేవ్ చేయండి. ఆ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కొత్త ప్రతి తెరుచుకుంటుంది. ఖాళీ పట్టిక అలాగే ఉంటుంది.

అభ్యాసం: 'మార్కులు కొత్తవి 2' అనే ఫైలులో 2025 సెప్టెంబరు మాక్ పరీక్షల మార్కులున్నాయి. దానికి సరైన పేరు రాయండి.