కంటి వైద్యమునకు దారి యేది?

ప్రశ్న: పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబము మాది. పదునొకండవ తరగతిలో జీవశాస్త్రము చదువుచున్నాను. కంటి డాక్టరు కావలెనని కోరిక. ఇంట దారి చెప్పువారు లేరు. ఏమి చేయవలెను?
— ఒక విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, నేత్రవైద్యమును ఇప్పుడే ఎన్నుకొనవలెనని తలంచుటయే నీ తికమకకు కారణము. నీట్ గట్టెక్కి, నాలుగున్నరేండ్ల ఎం.బి.బి.ఎస్., ఏడాది హౌస్ సర్జన్సీ ముగించి, మరల ప్రవేశపరీక్ష వ్రాసిన పిదపనే మూడేండ్ల నేత్రవైద్య శిక్షణ లభించును. భౌతికశాస్త్రమును ఉపేక్షింపకుము, కాంతి వంగు తీరు తెలియనివారికి కంటద్దముల కొలత యంతుపట్టదు. 2015లో మీ యూరనే వెలసిన వైద్య కళాశాలలో అధిక స్థానములు ద్వీపవాసులకే గనుక, నివాస, విద్యా ధ్రువపత్రములను ముందుగనే సమకూర్చుకొనుము.

ఇక గురువు మాట. తండ్రిగారిని వెంటబెట్టుకొని జి.బి. పంత్ ఆసుపత్రి కంటి విభాగమున పని తీరు చూచుటకు అచ్చటి పెద్దల యనుమతి వేడుము. నేత్రశిబిరములలో రోగుల పేర్లు వ్రాయుము, వృద్ధులను చేయిపట్టి నడిపింపుము. ఎండలో, ఉప్పుగాలిలో వలలు లాగువారి తెల్లగ్రుడ్డునుండి నల్లగ్రుడ్డుపైకి ప్రాకు టెరిజియమను కండపొరను స్లిట్ ల్యాంపు వెలుగున ఒక్కమారు చూచితివేని, ఈ వృత్తి నీకు తగునో కాదో నీ మనస్సే చెప్పును. గుంటూరున వైద్యవిద్య నభ్యసించి, అమెరికాలో పనిచేసి, తిరిగివచ్చి 1987లో హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థను నెలకొల్పిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి జీవితమును చదువుము. ఈ దారి ఓర్పు గలవారిదని నా దృఢవిశ్వాసము.

ప్రవేశ నిబంధనలు ఏటేట మారును. సందేహమున్నచో కళాశాల కార్యాలయమున స్వయముగా విచారింపుము. చదువు భారమై నిద్ర కరవైనచో మాత్రము దాచక, వెంటనే వైద్యుని కలిసికొనుము.