విఘ్నం అంటే అబ్‌స్టకిల్ ఒక్కటేనా?

వినాయకుడి వీడియోలకు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వేసేటప్పుడు ఒక్క మాట దగ్గర ప్రతిసారీ ఆగాల్సి వస్తుంది. విఘ్నేశ్వరుడు అని వినబడగానే కింద 'రిమూవర్ ఆఫ్ అబ్‌స్టకిల్స్' అని వేయడం అందరికీ అలవాటు. పుస్తకాల్లో, టీషర్టుల మీద, విదేశాల్లోని గుళ్ల వెబ్‌సైట్లలో ఎక్కడ చూసినా అదే. తప్పని అనలేం. విఘ్నహర్త అన్న పేరుకు అది చక్కగా సరిపోతుంది. విఘ్నేశ్వరుడు అన్న పేరుకు మాత్రం సరిపోదు.

ఇంత చిన్న తేడా ఎందుకు పట్టించుకోవాలి? ఎందుకంటే ఆ ఇంగ్లీష్ మాటనే నమ్ముకుని మొక్కినవాళ్లు, వీసా రిజెక్ట్ అయిన రోజునో, మూడోసారి ఇంటర్వ్యూ పోయిన రోజునో "అడ్డంకులు తీసే దేవుడన్నారు, ఏం తీశాడు?" అని దీపం పెట్టడమే మానేస్తారు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ వాళ్లు దేవుణ్ణి కొలిచింది ఒక అనువాదంతో.

ముందు ఇంగ్లీష్ మాట సంగతి చూద్దాం. అబ్‌స్టకిల్ లాటిన్ నుంచి వచ్చింది. 'ఆబ్' అంటే ఎదురుగా, 'స్టారే' అంటే నిలబడటం. అంటే మన దారికి ఎదురుగా నిలబడ్డది. ఆ స్టారే మన సంస్కృతంలోని 'స్థా' ధాతువుకి చుట్టమే. స్థానం, స్థితి అన్న మాటల్లో ఉన్నది అదే. ఏ పనికి అడ్డమో చెప్పాలంటే 'అబ్‌స్టకిల్ టు' అనాలి. ఎవరికి అడ్డమో చెప్పాలంటే 'అబ్‌స్టకిల్ ఫర్' అనొచ్చు. హర్డిల్ అంటే ముందే తెలిసిన, దాటి తీరాల్సిన అడ్డు. ఉద్యోగంలో రౌండ్ల లాంటిది, అందుకే దాన్ని 'క్లియర్' చేస్తామంటారు. హిండ్రన్స్‌లో ఉన్న 'హిండ్' బిహైండ్‌లో ఉన్నదే, అంటే వెనక్కి లాగేది. నాకు బాగా నచ్చే మాట ఇంపెడిమెంట్. లాటిన్‌లో పాదం అన్న మాట నుంచి పుట్టింది, కాళ్లకు తగులుకునేది అని అర్థం. రోమన్ సైన్యం వెంట మోసుకెళ్లే సామానుని 'ఇంపెడిమెంటా' అనేవాళ్లు. అలిపిరి దగ్గర లగేజీ కౌంటర్‌లో ఇచ్చేసి, చేతులూపుకుంటూ మెట్లెక్కినవాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు విఘ్నం. ఇది 'వి' అనే ఉపసర్గ, 'హన్' అనే ధాతువు కలిసి వచ్చిన మాట. హన్ అంటే కొట్టడం, దెబ్బతీయడం. శత్రుఘ్నుడు, కృతఘ్నుడు అన్న పేర్లలో ఉన్న 'ఘ్న' ఇదే. గమనించారా, ఇందులో ఎదురుగా నిలబడటం అన్న ఊహే లేదు. విఘ్నం అంటే పనికి తగిలే దెబ్బ, పని మధ్యలో విరిగిపోవడం. అడ్డు బయటే ఉండాలని లేదు. దారంతా ఖాళీగా ఉండి కూడా పని విరగొచ్చు.

ఇంట్లో ఏ వ్రతం చేసినా ముందు పసుపు గణపతిని చేసి పూజిస్తాం కదా. అప్పుడు సంకల్పంలో పంతులుగారు చెప్పించే మాట 'నిర్విఘ్న పరిసమాప్తి'. పరిసమాప్తి అంటే పూర్తిగా ముగియడం. నా దారిలో ఏమీ ఉండకూడదని అక్కడ అడగట్లేదు. మొదలుపెట్టింది విరగకుండా చివరిదాకా సాగాలని అడుగుతున్నాం. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది దొరక్కపోయినా రెండోది దొరుకుతుంది.

చవితినాడు చదివే కథ కూడా ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గజాననుడికి, కుమారస్వామికి పోటీ పెట్టింది దేనికోసం? విఘ్నాధిపత్యం కోసం. అధిపత్యం అంటే పెత్తనం, అధికారం. కుమారస్వామి నెమలినెక్కి ఏ నదికి వెళ్లినా, అన్న అప్పటికే స్నానం చేసి ఎదురొస్తూ కనిపిస్తాడు. అలా గెలిచి వినాయకుడు అందుకున్నది విఘ్నాల మీద పెత్తనం. పెత్తనం ఉన్నవాడు తీసేయగలడు, పెట్టగలడు కూడా. ఇది నేను కొత్తగా అంటున్నది కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలో వినాయకుణ్ణి నియమించిందే పనులకు విఘ్నాలు కలిగించడానికి అని ఉంది. అందుకే 'లార్డ్ ఆఫ్ అబ్‌స్టకిల్స్' అన్న అనువాదం నాకు ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది.

పెట్టిన విఘ్నానికి పెద్ద ఉదాహరణ కర్ణాటక తీరంలోని గోకర్ణం. 1958లో వచ్చిన భూకైలాస్ సినిమా చూసినవాళ్లకి కథ తెలుసు. రావణుడు ఘోర తపస్సు చేసి శివుడి దగ్గర ఆత్మలింగం సంపాదించాడు. లంక చేరేదాకా దాన్ని నేల మీద పెట్టకూడదు. దారిలో సంధ్యావందనం వేళయింది. అక్కడ పశువులు కాస్తున్న పిల్లాడి చేతిలో లింగం పెట్టి వెళ్లాడు. ఆ పిల్లాడు మూడుసార్లు పిలిచి, రావణుడు రాలేదని కింద పెట్టేశాడు. పిల్లాడు వినాయకుడే. రావణుడి లెక్కలో అది జీవితంలోకెల్లా పెద్ద అబ్‌స్టకిల్. మిగతా లోకానికి రక్షణ. అలాగని మీకు వచ్చిన ప్రతి రిజెక్షన్ వెనకా దేవుడి ప్లాన్ ఉందని చెప్పను. ఆ మాట ఎదుటివాడి బాధ మీద మూత పెట్టడానికే ఎక్కువ పనికొస్తుంది. మనకు అడ్డంగా కనబడిన ప్రతిదీ తీసేయడమే ఆయన పని కాదు అన్నంతవరకే ఈ కథ చెబుతోంది.

మరి విరిగేది ఎక్కడ? దీనికి సూటిగా జవాబిచ్చినవాడు పతంజలి. యోగసూత్రాల మొదటి పాదం, 30వ సూత్రంలో ఆయన వాడిన మాట అంతరాయం, అంటే మధ్యలో వచ్చి పడేది. మనం కరెంటు పోతే అనే అంతరాయమే! ఆయన చెప్పినవి 9. వ్యాధితో మొదలవుతాయి. వీసా ఆఫీసర్, మేనేజర్, చుట్టాలు ఎవరూ ఆ జాబితాలో లేరు. అన్నీ మన ఒంట్లోవి, మనసులోవే. సంశయం ఉంది: ఈ కోర్సా, ఆ కోర్సా అని రెండింటి డెమో క్లాసులూ చూస్తూ ఏడాది గడిపేయడం. చివరి రెండూ నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తాయి. అలబ్ధభూమికత్వం, ఎంత చేసినా తర్వాతి మెట్టు అందకపోవడం. అనవస్థితత్వం, అందిన మెట్టు మీద నిలవలేకపోవడం. నలభై రోజుల దీక్ష నిష్ఠగా చేసి, నలభై ఒకటో రోజు నుంచి అలారం కూడా పెట్టుకోనివాళ్లకి రెండోది బాగా తెలుసు.

ఆ తర్వాతి సూత్రంలో వీటి వెంట వచ్చేవి చెబుతాడు: దుఃఖం, దిగులు, ఒంట్లో వణుకు, శ్వాస లయ తప్పడం. ఇంటర్వ్యూ గది బయట కుర్చీలో కూర్చున్నప్పుడు చూసుకోండి, నాలుగూ ఉంటాయి. దీనికి ఉపాయం 27 నుంచి 29 దాకా ముందే చెప్పేశాడు: ప్రణవాన్ని అర్థం తలచుకుంటూ జపించడం. దానివల్ల అంతరాయాలు పోతాయంటాడు. అర్థం తలచుకుంటూ అన్నది వదిలేయకండి. లెక్క కోసం నూట ఎనిమిది తిప్పేస్తే అది జపమాలకి వ్యాయామం, అంతే.

విశాఖ ఆశీల్‌మెట్టలో సంపత్ వినాయకుడి గుడి ముందు కొత్త బండ్లకు పూజ చేయించేవాళ్లని చూస్తుంటాం. చేయించండి, మంచిదే. పూజయ్యాక హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్లిపోతే మాత్రం, పతంజలి జాబితాలో దానికీ ఒక పేరుంది: ప్రమాదం. సంస్కృతంలో ఆ మాటకి అర్థం యాక్సిడెంట్ కాదు, ఏమరుపాటు. దాని గురించి, మిగిలిన అంతరాయాల గురించి వచ్చే వీడియోలో ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.