ఆపవలసిన వేగము, ఆపరాని వేగము

గౌతమీ, వసిష్ఠా శాఖల నడుమ, వైనతేయ మధ్యగా ప్రవహింప విలసిల్లు పవిత్రసీమ కోనసీమ. అందు వసిష్ఠ సాగరమున సంగమించు చోట, అంతర్వేది క్షేత్రమున శ్రీలక్ష్మీనరసింహస్వామి వెలసి భక్తుల ననుగ్రహించుచున్నాడు. మాఘ శుద్ధ దశమినాడు కల్యాణమును, మరునాడు భీష్మైకాదశి రథోత్సవమును సేవించుటకు యాత్రికులు వేలకొలదిగా తరలివత్తురు. లక్ష్మీసమేతుడైన ఆ ప్రసన్నమూర్తిని దర్శించి మరలువారు స్మరింపదగిన వృత్తాంత మొకటి శ్రీమద్భాగవత సప్తమస్కంధమున కలదు.

హిరణ్యకశిపుని సంహరించిన పిమ్మటను స్వామి యాగ్రహము చల్లారలేదు. బ్రహ్మరుద్రాదులు దూరమున నిలిచి స్తుతించిరి గాని దరిజేరజాలక పోయిరి. సాక్షాత్తు శ్రీమహాలక్ష్మియే సమీపింప జంకినది. అప్పుడు బ్రహ్మ పంపగా ప్రహ్లాదుడు మెల్లగా నడచివచ్చి పాదములపై వ్రాలెను. స్వామి యా బాలుని లేవనెత్తి శిరస్సుపై హస్తముంచెను. పెద్దల స్తోత్రములకు తగ్గని యాగ్రహము, భయద్వేషములు లేని పసివాని సాన్నిధ్యమున కరుణగా మారినది.

స్వామి క్రోధము భక్తరక్షణార్థమైన లీల. మానవుని క్రోధ మట్టిది కాదు. అది మొదట తన్నును, పిదప తన్నాశ్రయించినవారిని దహించును. ఆశ్రయించినవాడు మంచము పట్టిన రోగి యైనచో కలుగు కీడు మరింత గొప్పది. కావున రోగిసేవ నేర్చుకొను నర్సింగు విద్యార్థినులును, వారి తల్లిదండ్రులును ఈ విషయమును ప్రత్యేకముగా విచారింపవలసియున్నది.

రాజోలు చెంత నొక లంకగ్రామమున పుట్టి, అమలాపురమునకు నర్సింగు చదువ వచ్చిన పదునెనిమిదేండ్ల బాలికను తలచుకొనుడు. ఉదయము తరగతులు, పిదప వార్డు డ్యూటీ, వంతు వచ్చినప్పుడు రాత్రి డ్యూటీ, హాస్టలు చేరిన వెనుక రికార్డులు వ్రాయుట, పరీక్షలకు చదువుట. నిన్నటివరకు తల్లిచాటున మెలగిన పిల్ల నేడు రక్తమును, మరణమును కన్నులార చూడవలెను. రోగి బాధతో కసరును. బంధువులు ఆదుర్దాతో కేకలు వేయుదురు. పొరపాటు జరిగినచో పైవారు నలుగురి యెదుట మందలింతురు. బదులు చెప్ప వీలులేని ఆ కోపము లోపలనే నిలిచి, రాత్రి తోటి విద్యార్థినిపైననో, ఫోనులో తల్లిపైననో, తుదకు నోరులేని రోగిపైననో విరుచుకొనిపడును. “పిల్లకు పొగరు హెచ్చినది” అని తల్లి యనుకొనును. అది పొగరు కాదు, అలసట.

మన పూర్వులు రోగిసేవను చిన్నపనిగా నెంచలేదు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అని చికిత్సకు నాలుగు పాదములను చరకసంహిత సూత్రస్థానము చెప్పినది. ఉపచారము తెలిసియుండుట, దక్షత, తాను సేవించువానియెడ అనురాగము, శౌచము అను నాలుగు గుణములు పరిచారకున కుండవలెనన్నది. వీనిలో తక్కిన మూడును కళాశాలలో అభ్యాసముచే అలవడును. అనురాగమొక్కటియే హృదయమున పుట్టవలెను. క్రోధము మొట్టమొదట హరించునది దానినే.

ఆ సూత్రస్థానమునందే ఏడవ అధ్యాయమున వేగముల విచారణ కలదు. దేహమునకు సహజములై, ఆపినచో వ్యాధిని కలిగించు వేగములు 13. మలమూత్రములు, తుమ్ము, ఆవులింత మున్నగువానితోపాటు ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమచే కలుగు ఆయాసము అందు చేరినవి. ఇక ఆపవలసిన వేగములు వేరు. లోభము, భయము, క్రోధము, గర్వము, ఈర్ష్య మున్నగునవి మనస్సునకు సంబంధించినవి. పరుషముగా పలుకుట, చాడీలు చెప్పుట, అసత్యమాడుట, సమయము గాని సమయమున మాటాడుట వాక్కునకు సంబంధించినవి.

నేటి విద్యార్థిని దినచర్యను ఈ శాస్త్రముతో సరిపోల్చి చూడుడు. అది తలక్రిందుగా నడచుచున్నది. ఆమె ఆకలి నాపుకొనును, దప్పిక నాపుకొనును, కాలకృత్యముల నాపుకొనును, నిద్ర నాపుకొనును, ఎవరైన చూతురేమో యని కన్నీటి నాపుకొనును. ఆపరానివాని నన్నిటిని ఆపిన దేహము, ఆపవలసిన క్రోధమును మాత్రము ఎట్లాపగలదు? కావున క్రోధనిగ్రహము ఉపదేశముతో ఆరంభము కాదు. వేళకు తిన్న పిడికెడన్నముతోను, త్రాగిన గ్రుక్కెడు నీటితోను, కంటినిండ నిద్రతోను ఆరంభమగును. యుక్తమైన ఆహారము, యుక్తమైన నిద్ర గలవానికే యోగము దుఃఖహరమగునని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున ఉపదేశించినది ఇందులకే.

క్రోధమువలన సమ్మోహము, సమ్మోహమువలన స్మృతిభ్రంశము, దానివలన బుద్ధినాశము కలుగునని గీత రెండవ అధ్యాయము బోధించుచున్నది. వార్డులో ఈ స్మృతిభ్రంశమునకు వెల ప్రాణము. మందు ఇచ్చుటకు ముందు సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన సమయము అను అయిదింటిని సరిచూడవలెనని నర్సింగు విద్యార్థినులకు నేర్పుదురు. అయిదును జ్ఞప్తిపై నిలిచినవే. కోపముతో వణకు చేయి సీసాపై చీటిని చదువదు.

మహాబలుడైన హనుమంతునకును ఈ భయము తప్పలేదు. లంకను దహించిన పిదప, ఆ మంటలలో సీతమ్మయు దగ్ధమైనదేమో యని సుందరకాండమున ఆయన పరితపించెను. క్రోధవశమున చేసిన పనికి తన్ను తాను నిందించుకొనెను. పాము కుబుసమును విడిచినట్లు కోపమును ఓర్పుతో విడుచువాడే పురుషుడని తలపోసెను. అమ్మ క్షేమముగా నున్నదని విన్న పిదపగాని ఆయన మనస్సు కుదుటపడలేదు.

అయితే వేగము నాపుట యనగా లోపల పూడ్చిపెట్టుట కాదు. అది పొంగినవేళ బదులు చెప్పక ఒక్కక్షణము మౌనము వహింపవలెను. ఊపిరిని మెల్లగా తీసి, అంతకంటె మెల్లగా విడువవలెను. దీర్ఘమైన నిశ్వాసము గుండెవేగమును తగ్గించునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. ఆచమనమున స్మరించు కేశవ, నారాయణ, మాధవ నామములు మూడును మూడు శ్వాసలకు చాలును. పిదప చేతిలోని మందును మరల మొదటినుండి సరిచూడవలెను. కేకలు వేయు బంధువు నెదుట ప్రహ్లాదుని నడకను తలచుకొని, మెల్లగా సమీపించి, అతని భయమేమో అడుగవలెను. జరిగిన అన్యాయమును మాత్రము దాచరాదు. మనస్సు చల్లబడిన పిదప తగినవారితో తగినమాటలలో చెప్పవలెను.

ఈ భారమంతయు బాలికపైననే మోపుట ధర్మము కాదు. గురువులు దోషమును ఏకాంతమున దిద్దవలెను. భోజనమునకు, విశ్రాంతికి వేళ యీయవలెను. ఇంటివారు ఫోనులో మార్కుల మాటకు ముందు “తిన్నావా? నిద్రపోయినావా?” అని ప్రశ్నింపవలెను. ఆమె ఏడ్చినచో ఏడువనిండు. కన్నీరు ఆపరాని వేగము. దినముల తరబడి నిద్రయు, ఆకలియు లేక, బ్రదుకుపై విరక్తి మాటలు పలుకుచున్నచో దానిని నటన యనుకొనక వెంటనే వైద్యునికి చూపవలెను. 2022లో కేంద్రప్రభుత్వ మారంభించిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. అట్లు సహాయ మర్థించుట భక్తికి లోపము కాదు.

నాడు స్వామి హస్తము ప్రహ్లాదుని శిరస్సుపై నిలిచినది. నేడు విద్యార్థిని శిరస్సుపై తల్లియో గురువో ఉంచిన చల్లని హస్తము, రేపు ఆమె చేతిమీదుగా రోగి నుదుటిని చేరును. అంతర్వేదిలో ప్రసన్నుడైన స్వామికి అట్టి సేవయే నిజమైన కైంకర్యము.